దీపాల నోటుబుక్కు

వెంకటనారాయణకి అసహ్యం తొందరగా పుట్టేది. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది చూశారూ, అతనికి ఆ చోట అసహ్యం ఉండేది. బస్సులో పక్కవాడి చెమట భుజం తగిలితే అసహ్యం, హోటల్లో తుడిచీ తుడవని బల్ల చూస్తే అసహ్యం. ఎవడో తాగిన గ్లాసుని బకెట్ నీళ్లలో ఒక్క ముంచు ముంచి ఇంకొకడికి అందిస్తుంటే కడుపులో తిప్పేది. తెనాలి నుంచి ఉద్యోగానికి వస్తూ ఒక ఇత్తడి గ్లాసు వెంట తెచ్చుకున్నాడు. దాన్ని రుమాల్లో చుట్టి ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేసుకునేవాడు. అయిదేళ్లలో ఆ గ్లాసుకి ఇంకొకరి పెదవి తగల్లేదు. ఈ సంగతి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా చెప్పేవాడు.

ఆఫీసంటే కూకట్‌పల్లి ఊరు దాటాక బండల మధ్య వేసిన మూడు రేకుల షెడ్లు. ఒకదాంట్లో ప్రభుత్వం వారి కంప్యూటరు, ఒకదాంట్లో దానికి ప్రోగ్రాములు రాసేవాళ్లు, మూడోదాంట్లో స్టోర్సు. చుట్టూ సీతాఫలం పొదలు, వాటిలో మేసే గొర్రెలు. కంప్యూటరుకి ఏసీ ఉండేది. మనుషులకి ఫ్యాన్లు, అవి కూడా బుద్ధి పుట్టినప్పుడు తిరిగేవి.

డెబ్బై అయిదు జనవరిలో ఆ ఆఫీసుకి ఆస్ట్రేలియాలో ఏదో యూనివర్సిటీ నుంచి కంప్యూటరు ప్రోగ్రాం నింపిన ఒక టేపు వచ్చింది. అంతవరకూ మిషనుని నడిపించే ప్రోగ్రాం అమ్మినవాళ్లు ఇచ్చిందే. దాని లోపల ఏముందో వాళ్లు చెప్పరు, మనం చూడకూడదు. చెడితే బొంబాయి నుంచి వాళ్ల మనిషి వచ్చేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూచోవాలి. ఈ టేపులో వచ్చింది వేరు. మిషను లోపల ఎవరి పని ముందు, ఎవరిది వెనక, ఎవరికి ఎంత చోటు అని తేల్చే అసలు పెత్తనం చేసే ప్రోగ్రాం అది. దాన్ని వాళ్లు కెర్నెల్ అన్నారు. మొత్తం తొమ్మిది వేల పంక్తులు, దాపరికం లేకుండా, చదువుకోవడానికి వీలుగా. పైన ఒక పేజీ ఉత్తరం: "దీన్ని ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు. మార్చినది మాకూ పంపండి. మార్చినచోట ఎవరివల్ల మారిందో పేరు రాయండి. అడిగినవారికి లేదనకండి."

వెంకటనారాయణ ఆ తొమ్మిది వేల పంక్తుల్నీ అచ్చు తీయించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, తుండుగుడ్డతో తుడుచుకుని మరీ చదివాడు. నాలుగు నెలలు చదివాడు. అంత శుభ్రమైన వస్తువుని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎక్కడా ఒక్క మాట ఎక్కువ లేదు. దిద్దినచోటల్లా దిద్దినవాడి పేరు, తేదీ. ముక్కూ మొహం తెలియని ఆ మనుషుల పేర్లు చదువుతుంటే, ఇన్నాళ్లకి తన జాతివాళ్లు దొరికారనిపించింది.

ఆ ఆనందానికి అడ్డం డైరెక్టరు కామేశ్వరరావుగారు. ఆయన వారానికోసారి వచ్చి, "ఏమండీ వెంకటనారాయణ గారూ, ఎంతదాకా వచ్చిందండీ?" అంటూ ఆ అచ్చు కాగితాల కట్ట తీసుకుని, బొటనవేలు నాలుక మీద అద్దుకుని పేజీలు తిప్పేవారు. అద్దడం, తిప్పడం, అద్దడం, తిప్పడం. ఆయనకి అందులో ఒక్క ముక్క అర్థం కాదు. తిప్పడం మాత్రం మానరు. ఆయన వెళ్లాక వెంకటనారాయణ ప్రతి పేజీ మూల ఉన్న తడిమచ్చని చూసి ఓకరించినంత పని చేసేవాడు. ఒకసారి ఆ మూలలన్నీ కత్తెరతో కత్తిరించాడు.

రెండోవాడు రామచంద్రం. ఇతను మిషను ఆపరేటరు. కొండాపూర్ నుంచి బండల దారిన సైకిల్ మీద వచ్చేవాడు. ఐటిఐ చదివాడు. ముప్పై దాటిన మనిషి, మాట తక్కువ. ప్రోగ్రాములు రాసేవాళ్లెవరూ మిషను గదిలోకి పోకూడదని రూలు. ప్రోగ్రాం చిల్లులుగా పొడిచిన కార్డుల కట్ట కిటికీలో పెట్టాలి, రామచంద్రం తీసుకుని మిషనుకి తినిపించి, వచ్చిన కాగితం మళ్లీ కిటికీలో పెట్టాలి. అందుకని మిషనుకి ప్రోగ్రాం రాసినవాళ్లు దాని మొహం చూడలేదు, రోజూ మొహం చూసేవాడికి దాని ప్రోగ్రాం తెలియదు. ఎవరు పెట్టారో ఆ రూలు, వాళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది.

రామచంద్రానికి ఒక అలవాటు. కిటికీ దగ్గర టీ తాగుతుంటే అవతల ఎవరున్నా సరే సగం సాసర్లో పోసి ముందుకి జరిపేవాడు. ఆ ఊరి మర్యాద అది. వెంకటనారాయణ ఆ సాసర్ వైపు చచ్చిన బల్లిని చూసినట్టు చూసేవాడు. "వద్దులే," అనేవాడు. పదిసార్లు వద్దన్నా పదకొండోసారి సాసర్ ముందుకి వచ్చేది. ఒకరోజు మంచినీళ్లు అడిగితే రామచంద్రం తన గ్లాసులో ఇచ్చాడు. వెంకటనారాయణ ఆ గ్లాసుని అక్కడే పెట్టి, ఎండలో తన షెడ్డు దాకా వెళ్లి సొరుగు తాళం తీసి తన గ్లాసు తెచ్చుకుని, అందులో వంపుకుని తాగాడు.

కొత్త కెర్నెల్ మిషనులోకి ఎక్కించాక ఒక పీడ పట్టుకుంది. వారానికి రెండుసార్లు మిషను ఉన్నట్టుండి కొయ్యబారిపోయేది. ఎందుకో తెలియదు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే నడిచేది. అది ఎమర్జెన్సీ కాలం. గోడల నిండా తక్కువ మాట్లాడండి, ఎక్కువ పని చెయ్యండి అని బోర్డులు. మిషను ఆగితే నిమిషంలో మళ్లీ మొదలెట్టాలని డైరెక్టరుగారి ఉత్తర్వు, మిషను ఖాళీగా ఉన్న ప్రతి నిమిషానికీ ఒక రిజిస్టరు.

వెంకటనారాయణ ఆ కాగితాలు ముందేసుకుని తల బద్దలు కొట్టుకున్నాడు. మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ చదివాడు. తప్పు దొరకలేదు. నిద్రలో కూడా పంక్తులే కనిపించేవి.

నవంబరులో ఒక మధ్యాహ్నం రామచంద్రం కిటికీలోంచి పిలిచాడు.

"సారూ, జర ఇది చూస్తరా?"

అతని చేతిలో నలిగిపోయిన ఎర్ర అట్ట నోటుబుక్కు. మిషను ముందు భాగంలో వరసగా చిన్న దీపాలుండేవి, లోపల ఏ భాగం, లెక్కలు దాచే డిస్కుతో సహా, పనిచేస్తోందో చెప్పడానికి. మిషను ఆగిన ప్రతిసారీ, మళ్లీ మొదలుపెట్టే ముందు, రామచంద్రం ఆ దీపాల్లో ఏది వెలిగిందో ఏది ఆరిందో ఒక్కొక్కటే చూసి ఇందులో రాశాడు. అన్నీ తెలుగులో, బడిపిల్లల గుండ్రటి అక్షరాల్లో. తేదీ, వేళ, దీపాలు. అలా ముప్పై ఒక్కసార్లు.

"ఎన్నిసార్లు ఆగినా లైట్లు ఒక్కతీరుగనే ఉన్నయి సారూ," అన్నాడు రామచంద్రం. "డిస్కు లైటు ఆరిపోయి ఉంటది. అంటే దాని పని అయిపోయినట్టే గదా? కానీ లోపలోడు, మీ ప్రోగ్రాం, ఇంకా డిస్కు కోసమే ఎదురుచూస్తుంటడు. పని అయినంక డిస్కు ఖబర్ చెప్పే ఉంటది సారూ. ఈనికి అందలే. ఈడు పండుకోకముందే అది లేపిపోయినట్టున్నది."

నాలుగు నెలలుగా వెంకటనారాయణ కాగితాల్లో వెతుకుతున్నది ఆ ఒక్క మాటలో ఉంది. ఒకడు రాత్రి ప్రయాణంలో ఉన్నాడనుకోండి. బస్సు ఇంకా రాలేదని చూసుకుని, వస్తే లేపమని చెప్పి, నడుం వాలుస్తాడు. కానీ చూసుకోడానికీ నడుం వాల్చడానికీ మధ్యన ఉన్న ఆ రెప్పపాటులోనే బస్సు రావడం, లేపేవాడు ఒక కేకేసి పోవడం అయిపోయింది. ఇంక వీడిని ఎవరు లేపుతారు? తెల్లారేదాకా పడి ఉండాల్సిందే. కెర్నెల్లో జరుగుతున్నది అదే.

"ఇలా తే," అని నోటుబుక్కు లాక్కున్నాడు.

"సారూ," అన్నాడు రామచంద్రం, టీ సాసర్లో పోస్తూ, "ఆ కాగితాలల్ల గది ఎక్కడ రాసి ఉన్నదో నాకు జర చూపిస్తరా? నేర్చుకోవాల్నని ఉన్నది. లైట్లు చూస్తున్న గానీ లోపట ఏమైతున్నదో తెలిస్తలేదు."

"చూద్దాంలే. అది నీవల్ల అయ్యే పని కాదు. ముందు నీ పని చూసుకో," అన్నాడు వెంకటనారాయణ. సాసర్ వైపు చూడనైనా చూడలేదు. నోటుబుక్కు మాత్రం చంకలో పెట్టుకుని పరిగెత్తాడు.

మూడు రోజుల్లో తప్పు దొరికింది, నలభై ఏడో పేజీలో. చూసుకోడానికీ నిద్రపోడానికీ మధ్య ఇంకెవరూ జొరబడకుండా ఒక తలుపు మూసి, నిద్రలోకి జారాక తెరవాలి. రెండు పంక్తులు చేరిస్తే సరిపోయింది. మిషను మళ్లీ ఆగలేదు. వారం ఆగలేదు, నెల ఆగలేదు. వెంకటనారాయణ ఆ రెండు పంక్తుల పైన, పద్ధతి ప్రకారం, ఎవరివల్ల మారిందో రాశాడు. వి. నారాయణ, హైదరాబాదు.

రామచంద్రం గుర్తు రాలేదా అంటే వచ్చాడు. పెన్సిలు కాసేపు ఆగింది కూడా. దీపాలు చూసి రాసుకోవడం వేరు, ప్రోగ్రాం చదివి దిద్దడం వేరు అని తనకి తనే చెప్పుకున్నాడు. నోటుబుక్కుని సొరుగులో పడేసి, దాని మీద ఇత్తడి గ్లాసు పెట్టి తాళం వేశాడు.

ఇక డైరెక్టరుగారి వంతు. ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి కమిటీ వస్తోందని కబురొచ్చింది. స్వదేశీ పరిజ్ఞానంతో ఎవరేం చేశారో చూడ్డానికట. కామేశ్వరరావుగారికి ఆ మాట వినగానే ఎక్కడలేని దేశభక్తీ పుట్టుకొచ్చింది. ఆస్ట్రేలియా ఉత్తరాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. కెర్నెల్లో ఉన్న పేర్లన్నీ, దిద్దినవాళ్లవీ, రాసినవాళ్లవీ, ఒక్కటి కూడా మిగలకుండా తీయించారు. పాత అచ్చుకాగితాల్ని చిత్తుకాగితాల కింద స్టోర్సుకి పంపేశారు. కొత్తగా వేయించిన కట్ట మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఒకటే పేరు. రూపకల్పన: కామేశ్వరరావు.

వెంకటనారాయణ ఆ పేజీ చూసి బయటికెళ్లి సీతాఫలం పొద పక్కన నిజంగానే వాంతి చేసుకున్నాడు. ఒళ్లంతా మండిపోయింది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"ఎంగిలి, రామచంద్రం, ఎంగిలి మెతుకులు! ఇంకొకడు తిని వదిలేసిన విస్తట్లో కూచుని ఏరుకు తింటున్నాడీ మనిషి. వాడి బతుక్కి ఒక్క పంక్తి రాశాడా? ఒక్క పంక్తి చదివాడా? సిగ్గనిపించదూ?"

"మీ పేరు గూడ తీసేసిండా సారూ?"

"తీసేశాడు!"

"ఆ మిషను ఆగే తప్పు దిద్దిన కాడ ఎవరి పేరుండె?"

"నాదే. నేనే కదా దిద్దింది!"

రామచంద్రం "హా," అని, కార్డుల కట్ట తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు టీ సాసర్ ముందుకి రాలేదు. వెంకటనారాయణ అది గమనించలేదు.

కమిటీ వచ్చే ముందు డైరెక్టరుగారు ఖాళీ నిమిషాల రిజిస్టరు తిరగేశారు, నాలుక మీద వేలు అద్దుకుంటూనే. ఆపరేటరు రామచంద్రం ముప్పై ఒక్కసార్లు, నిమిషంలో మొదలుపెట్టాల్సిన మిషనుని నాలుగేసి నిమిషాలు ఊరికే నిలబెట్టాడని తేలింది. మెమో ఇచ్చారు. ఆ నిమిషాల్లో లైట్లు చూసి రాసుకున్నాను, అందువల్లనే తప్పు దొరికింది, వెంకటనారాయణ సారుని అడగండి అని రామచంద్రం జవాబు రాసుకున్నాడు. డైరెక్టరుగారు వెంకటనారాయణని పిలిపించారు.

"చూడండీ, వ్యవహారం చాలా చిన్నదండీ," అన్నారు. "ఆ ఆపరేటరు రాసిన లైట్ల లెక్కవల్లే తప్పు దొరికిందని మీరు రాసిచ్చారనుకోండి, మెమో కొట్టేస్తాను. కమిటీ వారికి కూడా అదే చెప్తాను, మా ఆపరేటరు పట్టుకున్నాడూ, మా ప్రోగ్రామరు దిద్దాడూ అని. లేదూ, దానివల్ల ఒరిగిందేమీ లేదంటారా, అప్పుడు ఇదంతా మీ ప్రతిభే. కమిటీ ముందు మాట్లాడేది మీరే. మీరేమంటే అది. ఒక్క వాక్యం రాసివ్వండి."

వెంకటనారాయణకి కామేశ్వరరావుగారి మొహం, ఆ తడి వేలు, ఆ నవ్వు, అన్నీ అసహ్యంగా ఉన్నాయి. ఇంత నీచంగా బేరం పెడతాడా అనుకున్నాడు. అనుకుంటూనే కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అనుకుంటూనే రాశాడు: "ఆపరేటరు నోటుబుక్కు చూశాను. తప్పు కనుక్కోవడంలో అది ఉపయోగపడలేదు."

రామచంద్రాన్ని మిషను గదిలోంచి తీసి స్టోర్సులో వేశారు. జీతం అదే కదా, పైగా అక్కడ పనే ఉండదు, హాయి, అని వెంకటనారాయణ సర్దిచెప్పుకున్నాడు. స్టోర్సు వైపు వెళ్లే దారి మాత్రం మానేశాడు. కమిటీ వచ్చింది, విన్నది, బిర్యానీ తిన్నది, పోయింది. వెళ్తూ వెళ్తూ మెచ్చుకున్నది కామేశ్వరరావుగారిని.

ఆ మెప్పు వినేసరికి వెంకటనారాయణకి అసహ్యం నెత్తికెక్కింది. ఈ దొంగతనాన్ని లోకం ముందు పెట్టాలనుకున్నాడు. ఆదివారం పూట కూకట్‌పల్లిలో తన అద్దె గదిలో తలుపు వేసుకుని ఆస్ట్రేలియాకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. జ్ఞానం ఎవడబ్బ సొత్తూ కాదన్నాడు. ఒకరి కష్టం మీద ఇంకొకరు పేరు చెక్కుకోవడం కంటే నీచం లేదన్నాడు. చివర్న, మీ కెర్నెల్లో ఫలానా తప్పు నేను కనిపెట్టాను, ఇలా దిద్దాను అని ఆ రెండు పంక్తులూ రాసి సంతకం చేశాడు. నాలుగు పేజీల్లో రామచంద్రం అనే మాట లేదు. ఉత్తరం పోస్టులో వేసి వస్తుంటే అతనికి తలంటుకున్నంత తేలిగ్గా ఉంది.

ఆగస్టులో, ముసురు పట్టిన రోజున, స్టోర్సు నుంచి కబురు. ఆస్ట్రేలియా నుంచి పార్సెల్ వచ్చింది, వచ్చి సంతకం చేసి తీసుకోవాలి అని. వెంకటనారాయణ గొడుగు కూడా మరిచిపోయి పరిగెత్తాడు.

స్టోర్సులో రామచంద్రం బల్ల వెనక కూచుని ఉన్నాడు. పక్కన నీళ్ల కుండ, దాని మీద బోర్లించిన గ్లాసు. బల్ల మీద విప్పిన పార్సెల్, టేపు, కొత్తగా అచ్చు వేసిన కాగితాల కట్ట. వచ్చిన ప్రతిదాన్నీ విప్పి రిజిస్టరులో ఎక్కించడం స్టోర్సువాళ్ల పని.

"ఇదిగోండ్రి సారూ," అన్నాడు రామచంద్రం.

వెంకటనారాయణ కట్ట అందుకుని నిలబడే తిప్పడం మొదలుపెట్టాడు. నలభై, నలభై ఒకటి. కొత్త కాగితాలు, అంటుకుని ఊడిరావడం లేదు. ఆత్రం ఆగలేదు. నలభై నాలుగు, నలభై అయిదు. నలభై ఏడో పేజీ రాగానే కళ్లు చెమర్చాయి. అచ్చులో ఉంది. నిద్రకి ముందే పిలుపు తప్పిపోయే దోషం, కనుగొని దిద్దినవారు వి. నారాయణ, హైదరాబాదు. ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. అప్పుడు కనిపించింది, పేజీ మూల తడిగా, గుండ్రంగా, వేలంత మచ్చ. వాన చినుకనుకున్నాడు. ముందు పేజీకి కూడా ఉంది. అంతకు ముందుదానికీ ఉంది. అతని బొటనవేలు ఇంకా తడిగానే ఉంది.

రామచంద్రం ఆ వేలినే చూస్తున్నాడు.

"మీ పేరు అచ్చైంది సారూ," అన్నాడు. "పొద్దున్నే చదివిన. నిమ్మళంగ, ఒక్కొక్క అక్షరం."

"రామచంద్రం, నేను నీ పేరు కూడా..." అన్నాడు వెంకటనారాయణ. "రాద్దామనే అనుకున్నాను. వాళ్లకి మళ్లీ రాస్తాను. ఇవ్వాళే రాస్తాను. నీ నోటుబుక్కువల్లే..."

"డైరెక్టరు సారుకి ఏం రాసిచ్చిండ్రో నాకు చూపెట్టిండ్రు సారూ. ఉపయోగపడలేదని రాసిండ్రు." రామచంద్రం గొంతు పెంచలేదు. "నా గిలాసల నీళ్లు తాగుమంటే మీకు ఎంగిలి. నా సాసర్ల చాయ్ ఎంగిలి. నా నోటుబుక్కు ఎంగిలి గాలేదా సారూ మీకు?"

వాన రేకుల మీద చప్పుడు చేస్తోంది. వెంకటనారాయణకి తల తీసేసినట్టయింది.

"నేను రాస్తాను," అన్నాడు, మళ్లీ అదే మాట. "అక్కడ నా పేరు కొట్టేసి నీది వెయ్యమంటాను."

"వద్దు సారూ. అది మీ దగ్గరనే ఉండనీయుండ్రి." రామచంద్రం బల్ల కిందికి వంగి ఒక కట్ట పైకి తీశాడు. పాత అచ్చుకాగితాలు, డైరెక్టరుగారు చిత్తుకింద పంపించినవి. మూలలు కత్తెరతో కత్తిరించి ఉన్నాయి. అంచుల నిండా పెన్సిలుతో గుండ్రటి తెలుగు అక్షరాలు. "మీరు చూపెట్టలే. ఇగ ఇక్కడ పని లేదు గదా, డిక్షనరీ పెట్టుకొని ఆరు నెలలు నేనే చదివిన. అర్థమైనంత అర్థమైంది. ఇంకోకాడ గూడ ఓ తప్పున్నది సారూ. అచ్చం గసుంటిదే, టేపు కాడ. పోయిన మంగళవారం ఈ కాగితాల మీదున్న వాళ్ల అడ్రసుకు ఉత్తరం రాసి పోస్టుల ఏసిన. నా పేరు మీదనే."

"టేపు దగ్గరా? ఎక్కడ?" వెంకటనారాయణ చెయ్యి దానంతటదే ఆ కట్ట మీదికి వెళ్లింది. "ఏదీ, చూడనీ!"

రామచంద్రం కట్టని మెల్లగా తన వైపు జరుపుకున్నాడు.

"వచ్చే టేపుల అచ్చైతది. అప్పుడు చదువుకోండ్రి. ఎవరన్న చదువొచ్చని ఈ పార్సెల్ల గూడ వాళ్లే రాసిండ్రు గదా." రిజిస్టరు ముందుకి తోశాడు. "గిక్కడ సంతకం చెయ్యుండ్రి. ఇంకోటి సారూ, నా నోటుబుక్కు వాపస్ ఇయ్యుండ్రి."

వెంకటనారాయణ సంతకం చేశాడు. వానలో తన షెడ్డుకి వెళ్లి సొరుగు తాళం తీశాడు. ఎర్ర అట్ట మీద ఇత్తడి గ్లాసు, తొమ్మిది నెలలుగా అక్కడే. గ్లాసు తీస్తే అట్ట మీద గుండ్రంగా దాని అడుగు మచ్చ పడి ఉంది. నోటుబుక్కుని చొక్కా లోపల పెట్టుకుని తడవకుండా తెచ్చి ఇచ్చాడు. రామచంద్రం పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, అట్ట మీద మచ్చని మోచేత్తో రెండుసార్లు తుడిచాడు. పోలేదు. తన సంచిలో పెట్టుకుని, "సరే సారూ," అన్నాడు.

తన షెడ్డుకి తిరిగొచ్చి వెంకటనారాయణ చేతులు కడుక్కున్నాడు. బొటనవేలిని సబ్బుతో మళ్లీ మళ్లీ రుద్దాడు. దాహం వేసింది. ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు పోసుకుని నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. తన గ్లాసే. అయిదేళ్లుగా తనొక్కడి పెదవే తగిలిన గ్లాసు. అంచు మీద ఆ పెదవి గుర్తు మసగ్గా కనిపించింది. నీళ్లు కిటికీలోంచి పారబోసి, గ్లాసు అక్కడే వదిలేసి, దాహంతోనే కూచున్నాడు.